ఐపీ దొరికితే మనిషి దొరికినట్టేనా?

"ఐపీ అడ్రస్ పట్టేశారట, ఇక వాడి పని అయిపోయినట్టే." టీవీ చర్చల్లోనూ టీకొట్టు దగ్గరా ఇదే మాట. సినిమాలో అయితే కుర్రాడు కీబోర్డు టకటకలాడిస్తాడు, మ్యాపు మీద ఎర్రచుక్క వెలుగుతుంది, పోలీసు జీపు సరిగ్గా ఆ గుమ్మం ముందే ఆగుతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ, ఇది నిజం కాదు.

2007లో బెంగళూరులో పనిచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పుణె పోలీసులు పట్టుకెళ్లారు. ఆర్కుట్ అనే సోషల్ మీడియా సైట్‌లో శివాజీని కించపరిచాడన్నది అభియోగం. ఆధారం ఐపీ అడ్రస్. ఆ అడ్రస్ ఎవరిదో చెబుతూ ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన వివరాలే తప్పు. ఆ తప్పుకు అతను 50 రోజులు జైల్లో గడిపాడు.

ఐపీ మనిషిని చూపించదన్న మాట మీద అనుమానం ఉంటే మీరే చూడండి. ఫోన్ సెట్టింగుల్లో 192.168తో మొదలయ్యే అంకెలు ఇంట్లోని వైఫై రూటర్ ఇచ్చినవి, గడప దాటితే వాటికి విలువ లేదు. గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతికితే కనిపించేదే పబ్లిక్ ఐపీ. దాన్నిబట్టి తెలిసేది మీకు నెట్ ఇచ్చే సంస్థ పేరు, ఒక ఊరి పేరు. ఆ ఊరైనా మీది కావాలని లేదు. హైదరాబాద్‌లో కూర్చున్నా చెన్నై అనో ముంబై అనో చూపించవచ్చు. మీ పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు అందులో ఉండవు.

అసలు చిక్కు ఇంకోటుంది. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే. ప్రపంచానికంతా వాటిని పంచే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుకే మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఒకే సమయంలో ఎంతోమందికి పంచుతున్నాయి. అలాంటప్పుడు ఐపీ చూపించి ఫలానావాడే అనడం, అపార్ట్‌మెంట్ గేటు చూపించి దొంగ మూడో అంతస్తులో ఉన్నాడనడం లాంటిది. మనిషి దాకా వెళ్లాలంటే సెకన్లతో సహా సమయం కావాలి, ఒకే ఐపీని పంచుకున్నవాళ్లను వేరుచేసే పోర్ట్ నంబరు కావాలి, ఆ రెండింటికీ సరిపోయే లాగ్ (వాడకం నమోదు) కంపెనీ దగ్గర భద్రంగా ఉండాలి. సమయం భారత కాలమానంలో రాశారా, గ్రీనిచ్ కాలమానంలోనా అన్నది చూసుకోకపోతే ఐదున్నర గంటల తేడాతో ఇంకెవరి తలుపో తడతారు. అన్నీ సరిపోయినా తేలేది కనెక్షన్ ఎవరి పేరున ఉందన్నదే. ఆ వైఫై వాడింది అద్దెకున్నవాళ్లా, చుట్టాలా, పాస్‌వర్డ్ తెలిసిన పక్కింటి పిల్లాడా? ఐపీకి తెలియదు. అమెరికాలో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2018లో ఒక సినిమా పైరసీ కేసులో ఇదే చెప్పింది: కనెక్షన్ నీ పేరున ఉంది కాబట్టి దొంగవు నువ్వే అంటే చెల్లదని.

ఇక మ్యాపు మీది ఎర్రచుక్క సంగతి. అమెరికాలో ఉన్నాయని తప్ప ఇంకేమీ తెలియని కోట్ల ఐపీలకు మాక్స్‌మైండ్ అనే సంస్థ దేశం నడిమధ్యన ఒక చోటు రాసిపెట్టింది. అది కాన్సస్‌లో ఒక పొలం. ఆ ఇంటివాళ్ల మీదికి ఏళ్ల తరబడి పోలీసులు, మోసపోయినవాళ్లు వచ్చిపడ్డారు. 2016లో సంగతి బయటపడ్డాక ఆ సంస్థ చుక్కను తీసుకెళ్లి ఒక చెరువులో పెట్టింది!

అలాగని ఐపీ పనికిరానిదేమీ కాదు. మీరు లాగిన్ అయిన ఖాతాతో కలిస్తే అది చాలా చెబుతుంది. అందుకే పోలీసులు ఐపీ అడగాలన్నా న్యాయమూర్తి అనుమతి ఉండాలని కెనడా సుప్రీంకోర్టు 2024లో తీర్పిచ్చింది. కానీ ఐపీ దర్యాప్తుకు మొదలు మాత్రమే. దాన్నే తీర్పుగా చూపిస్తున్న చానెళ్లనూ, అంతటితో ఫైలు మూసేసే అధికారులనూ నమ్మడానికి వీల్లేదు.

మీ ముందో మీవాళ్ల ముందో ఎవరైనా ఐపీ అడ్రస్‌ను సాక్ష్యంగా పెడితే మూడు ప్రశ్నలు అడగండి: ఏ సమయానిది, ఏ పోర్ట్, లాగ్ ఎవరిచ్చారు? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి.