పట్టణములో ఒంటిగది

వేసవి ముగిసి కళాశాలలు తెఱచు దినములలో నాతవరమున బస్సెక్కు యువకుల సామానును చూచిన చాలును, వారి ప్రయాణ మెక్కడికో తెలియును. చాపచుట్ట, చిన్న గ్యాసుపొయ్యి, తల్లి కట్టి యిచ్చిన ఆవకాయ జాడీ. తాండవ జలాశయము క్రింద ఎకరము, రెండెకరములు సేద్యము చేసికొను కుటుంబముల బిడ్డలు వీరు. ఒకరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు, ఒకరు గాజువాక కర్మాగారములకు, మఱియొకరు ఉద్యోగపరీక్షల శిక్షణకు విశాఖపట్టణము పోవుచున్నారు. వీరు కోరునది మేడ కాదు. మంచము పట్టు చోటు, మూలను వంటగట్టు, ప్రక్కన స్నానపుగది యున్న ఒక్క గది చాలును. దానినే నేడు స్టూడియో అపార్టుమెంటని పిలుచుచున్నారు. పేరు పెరిగినకొలది అద్దెయు పెరిగినది.

అక్కయ్యపాలెమున, మద్దిలపాలెమున, సీతమ్మధారలో "టు-లెట్" పలక చూచి తలుపు తట్టినవానికి తఱచుగా ఎదురగు మొదటి ప్రశ్న యేది? "మీరెవరు? ఇంటిపేరేమి?" అని. అది చాలనిచో, ఊరిలో మీ యిల్లు ఏ పేటలో నున్నదని. జవాబు నచ్చనిచో గది నిన్ననే యిచ్చివేసితి మందురు. పలక మాత్రము మఱునాడును వ్రేలాడుచునే యుండును.

ఇది గృహయజమానుని సొంత ఇష్టమని కొందఱు వాదింతురు. రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. 1955 నాటి చట్టము, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మాఱినది, అస్పృశ్యత కారణముగా ఒకనికి నివాసగృహము దక్కకుండ అడ్డుపడుటను నేరముగా నెంచినది. చట్టము మాట యటుండ, నాతవరమునకు పొరుగుననున్న మన్యమున 1922లో అల్లూరి సీతారామరాజు గంటందొర, మల్లుదొరలతో భుజము కలిపి పోరాడెను. ఆ నేలపై పుట్టి, ఆ వీరుని విగ్రహమునకు పూలదండ వేసి, ఇంటికి వచ్చి అద్దెకు వచ్చినవాని కులమడుగుట మనకు తగునా?

ఇల్లుగలవారి భయములను మేము త్రోసివేయము. పింఛను చాలక మీది అంతస్తును వాటాలుగా చేసి అద్దెపై బ్రదుకు వృద్ధదంపతులు గలరు. బకాయిపెట్టి రాత్రికి రాత్రి పోయిన అద్దెదారులును గలరు. కాని కులము అద్దెకు పూచీపడునా? ఆ భయమునకు మందు వ్రాతపూర్వకమైన ఒడంబడిక. అడుగరాని ప్రశ్న అడుగువారే వ్రాయవలసిన కాగితము వ్రాయకుండుట మిక్కిలి వింత.

అద్దె యెంత, అడ్వాన్సెంత, నీటికిని విద్యుత్తునకును ఎవరు చెల్లింతురు, ఖాళీ చేయుటకు ఎన్ని దినములు ముందుగా తెలుపవలెను? ఈ నాలుగు సంగతులు కాగితముపై నున్నచో సగము తగవులు పుట్టనే పుట్టవు. సంవత్సరమునకు మించిన అద్దె ఒడంబడికకు 1908 చట్టముచే రిజిస్ట్రేషను తప్పనిసరి యగుటచేతనే పదునొకండు మాసముల ఒడంబడిక వాడుకలోనికి వచ్చినది. గది విడుచునపుడు గోడలకు రంగు వేయవలెనని అడ్వాన్సులో ఒక మాసపు అద్దె కోసికొనుట పరిపాటియైనది. వేఱు ఒప్పందము లేనిచో, వాడుకచే సహజముగా కలుగు అరుగుదల అద్దెదారుని తప్పు కాదని 1882 ఆస్తి బదిలీ చట్టపు 108వ సెక్షను చెప్పుచున్నది. 2021 జూన్ మాసమున కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దెచట్టము నివాసమునకు అడ్వాన్సు రెండు మాసముల అద్దెకు మించరాదన్నది. న్యాయమార్గమున గాక బలవంతముగా సామాను వీథిలో వేసినచో, ఆఱు మాసములలోపల దావా వేసి స్వాధీనము తిరిగి పొందు హక్కును 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టపు 6వ సెక్షను ఇచ్చుచున్నది. ఈ మాటలు బస్సెక్కు యువకునికి ఎవరు చెప్పిరి?

చెప్పవలసినవారము మనము. ప్రతి గ్రామ గ్రంథాలయమునను తెలుగులో వ్రాసిన ఒడంబడిక నమూనా ఒకటి యుండవలెను. పట్టణమునకు పోవు యువకునికి దానిని చదివి వినిపింపవలెను. గడువునాటికి అద్దె చెల్లించుట, పొరుగువారి నిద్ర చెఱుపకుండుట తన ధర్మమనియు నేర్పవలెను. ఇక విశాఖలోని సోదర గృహయజమానులారా! మీలో అనేకులు ఒకనాడు ఇట్లే చాపచుట్టతో దిగినవారే. తలుపు తట్టిన బాలుని పని అడుగుడు, పూచీ అడుగుడు, సంతకము అడుగుడు. అంతకు మించి అడుగుటకు మీకేమి పని?