వ్యాన్‌కి చోటున్న పల్లెటూరి ఇల్లు కొనేముందు

స్లైగోలో మన తెలుగు కుటుంబాలు నాలుగు కలిస్తే, పిల్లల చదువుల తర్వాత వచ్చే మాట ఇళ్ళ గురించే. అందులోనూ ఈ మధ్య చాలామంది గ్రేంజ్, కొలూనీ, బాలీసొడేర్ వైపు పల్లెటూరి ఇళ్ళు చూస్తున్నారు. దానికి తోడు క్యాంపర్ వ్యాన్ ముచ్చట ఒకటి. శనివారం పొద్దున్నే పులిహోర కలుపుకుని బయల్దేరితే స్ట్రాండ్‌హిల్ నుంచి ముల్లామోర్ దాకా సముద్రం పక్కనే తిరిగి రావచ్చు. హోటల్ ఖర్చుండదు, తిండికి వెతుక్కోవడమూ ఉండదు.

మేమూ పోయిన ఏడాది అలాంటి ఇంటి కోసమే తిరిగాం. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను. స్థలం ఉండటం వేరు, అందులో వ్యాన్ పెట్టే వీలు, హక్కు ఉండటం వేరు. ఇల్లు చూపించే ఏజెంటు స్థలం వరకే చూపిస్తారు. మిగతా రెండూ మనమే అడిగి తెలుసుకోవాలి.

ముందు హక్కు సంగతి. ఇంటి ఆవరణలో ఒక వ్యాన్ పెట్టుకోవడానికి ఐర్లండ్‌లో ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. 2001 నాటి ప్లానింగ్ నిబంధనల్లో ఆ మినహాయింపు ఉంది. కానీ షరతులున్నాయి. క్యాంపర్ వ్యాన్, క్యారవాన్, పడవ, ఈ మూడింటిలో ఏదో ఒక్కటే ఉండాలి. ఏడాదిలో తొమ్మిది నెలలకు మించి అక్కడ ఉంచకూడదు. వ్యాపారానికి వాడకూడదు. అక్కడ ఉన్నంతకాలం అందులో ఎవరూ కాపురం ఉండకూడదు.

ఈ చివరి షరతు దగ్గరే మా ఇంట్లో చర్చ మొదలైంది. అత్తయ్య, మామయ్య ఏటా వేసవిలో మూడు నెలలు వస్తారు. "వ్యాన్ ఉంటే ఇంకో గది ఉన్నట్టే కదా" అన్నారు మా వారు. నిబంధన చదివి వినిపించాను. పైగా మామయ్యకి మోకాళ్ళ నొప్పులు. రాత్రి వానలో వ్యాన్ మెట్లు దిగి బాత్రూం కోసం ఇంట్లోకి రమ్మంటామా? ఆ మాటతో మేం వెతికే ఇల్లే మారింది. పెద్ద దొడ్డి కన్నా కింద ఒక పడకగది ముఖ్యం అనుకున్నాం.

2024లో వచ్చిన కొత్త ప్లానింగ్ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. కాబట్టి సంతకం పెట్టేముందు కౌంటీ కౌన్సిల్ ప్లానింగ్ విభాగంలో ఒకసారి అడగండి.

ఇక వీలు. మామూలు వ్యాన్ ఆరు మీటర్ల దాకా పొడవుంటుంది, రెండున్నర మీటర్లకు పైగా ఎత్తు. ఇక్కడి సందుదారులు, అదే బొరీన్లు, మధ్యలో గడ్డి మొలిచి ఒక్క కారుకే సరిపోతాయి. ఇల్లు చూడటానికి టేపు తీసుకెళ్ళండి. గేటు వెడల్పు, పైన వేలాడే తీగలు, వ్యాన్ తిప్పుకునే జాగా కొలవండి. గేటు తర్వాత వెడల్పు చేయించుకోవచ్చులే అనుకోకండి. ముందున్న ప్రభుత్వ రోడ్డు తారు వెడల్పు నాలుగు మీటర్లు దాటితే దానికి ప్లానింగ్ అనుమతి కావాలి. అడ్డొచ్చే పొదల కంచెను కొట్టించాలన్నా, పక్షులు గూళ్ళు పెట్టే కాలమని మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు చట్టం ఒప్పుకోదు.

మాకు బాగా నచ్చిన ఇల్లొకటి గ్రేంజ్ దగ్గర. రెండెకరాలు, కిటికీ తెరిస్తే బెన్‌బుల్బెన్ కొండ. వ్యాన్‌కి బ్రహ్మాండమైన పచ్చిక జాగా. సర్వేయరు చెప్పిందేమిటంటే, ఆ పచ్చిక కిందే సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకే చోటు ఉంది. నేను చదివింది మైక్రోబయాలజీ కనుక విషయం వెంటనే అర్థమైంది. ట్యాంకు నుంచి వచ్చే మురుగునీటిని శుభ్రం చేసేది మట్టిలోని సూక్ష్మజీవులు. వాటికి గాలి కావాలి. మూడు టన్నుల బండి రోజూ నిలబడితే మట్టి అణిగిపోతుంది, గాలి పోతుంది, గొట్టాలు పగులుతాయి. చివరికి మురుగు పైకి తేలుతుంది, లేదా బోరు నీళ్ళలో కలుస్తుంది. వేరే జాగా ఆ స్థలంలో లేదు. పైగా ఇల్లు, దాంతో పాటు ఎకరం వరకే ఒక శాతం స్టాంపు డ్యూటీ (పది లక్షల యూరోల లోపు ధరకి). ఎకరం దాటిన భూమి విలువ మీద ఏడున్నర శాతం. కొండని చూస్తూనే ఆ ఇల్లు వదులుకున్నాం.

ఇంటి గురించి కూడా నాలుగు మాటలు. స్లైగో కౌంటీలో రాడాన్ ఎక్కువ. రాళ్ళలోని యురేనియం నుంచి పుట్టే వాయువు ఇది. రంగు, వాసన ఉండవు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కారణమవుతుంది. పరీక్షకి మూడు నెలలు పడుతుంది, అందుకే పాత ఫలితం ఉందేమో అమ్మేవాళ్ళని అడగండి. బోరు నీళ్ళు ఏడాదికొకసారి పరీక్ష చేయించాలి. గోడల్లో పగుళ్ళుంటే ఇంజనీరుకి చూపించకుండా కదలకండి. నాసిరకం సిమెంటు ఇటుకల వల్ల దెబ్బతిన్న ఇళ్ళకు సాయం చేసే ప్రభుత్వ పథకంలో మన కౌంటీ కూడా ఉంది. భూమి రికార్డులోని పటం, కంటికి కనిపించే కంచె ఒకటేనా అని సొలిసిటర్‌తో సరిచూపించండి. గట్టు తగాదాలు మన ఊళ్ళలోనే కాదు, ఇక్కడా ఉన్నాయి.

ఆఖరికి బాలీసొడేర్ దాటాక అరెకరంలో ఇల్లు కొన్నాం. కింద పడకగది, ఇంటి పక్కన వాన నీళ్ళు ఇంకేలా కంకర పరిచిన జాగా. వ్యాన్ కొనడానికి ఇంకా డబ్బు కూడలేదు, కానీ చోటు సిద్ధం.

అసలు వ్యాన్ అంత అవసరమా అని అడిగేవాళ్ళకి 2025 జనవరి 24న వచ్చిన ఎయోవిన్ తుఫాను గుర్తుచేస్తాను. దేశంలో ఏడు లక్షలకు పైగా ఇళ్ళకు, షాపులకు కరెంటు పోయింది, కొన్నింటికి రెండు వారాలు దాటినా రాలేదు. పల్లెలో కరెంటు పోతే బోరు మోటారు ఆగుతుంది, అంటే నీళ్ళూ ఉండవు. వ్యాన్ ఉంటే గ్యాసు పొయ్యి, ట్యాంకులో నీళ్ళు, బ్యాటరీ దీపం సిద్ధంగా ఉంటాయి. అందులో కాపురం ఉండొద్దన్నారు గానీ, చంటిపిల్లకి పాలు కాచుకోవద్దని ఎవరూ అనలేదు.

మీరూ ఇల్లు చూస్తుంటే, ఏజెంటుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందండీ?