ముందు కొండ, తరువాత కడలి

సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శి నా గదికి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి, "నేను రెంటచింతలవాణ్ణి, ఎండ గురించి తప్ప ఏం రాయను?" అన్నాను. "మహానుభావా, ఎండ మాత్రం వద్దు, అది మాకు రోజూ నెత్తినే ఉంది" అని దణ్ణం పెట్టాడు. అందుకని నీళ్ళ గురించి రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా వేడి తగిలితే అది నా దోషం కాదు, ఊరి దోషమని పెద్దమనసుతో క్షమించగలరు.

మా ఊరి పేరు పేపర్లో పడేది మే నెలలోనే. వాతావరణ శాఖవారి పరిశీలన కేంద్రం మా ఊళ్ళో ఉండబట్టి మా వేడి లోకానికంతటికీ తెలిసింది. నలభై ఆరూ నలభై ఏడూ అని అంకెలు వేస్తారు. పగలు కాగిన నాపరాతి గోడలు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటాయి. అలాంటి ఊళ్ళో పుట్టినవాడికి నీళ్ళంటే ఎంత ఆశో చెప్పనక్కరలేదు. నేను సముద్రం మొదటిసారి చూసింది డిగ్రీ రెండో సంవత్సరంలో. చూసి పది నిమిషాలు మాట్లాడలేదట. మా మిత్రులు ఇప్పటికీ ఆ మాట ఎత్తి ఏడిపిస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఏటి విహారయాత్రకు మన యాత్రా కమిటీ తయారుచేసిన కార్యక్రమం నోటీసు బోర్డు మీద చూశారు గదా! రాత్రి రైలు. తెల్లవారి విశాఖపట్నం. ఉదయం రుషికొండ తీరాన స్కూబా డైవింగ్. భోజనాలు కాగానే బస్సులో బొర్రా గుహలు, సాయంకాలానికి అరకు, రాత్రి నెగడు వేసుకుని పాటలు. మర్నాడు దిగిరావటం, ఊరు చూడటం, తిరుగు రైలు. చదివినవాళ్ళంతా ఆహా అన్నారు. నేనొక్కణ్ణే అయ్యో అన్నాను. "వీడికి అన్నిటికీ పేచీయే" అన్నారు. పేచీ కాదు మిత్రులారా! ఆ కాయితం మీద ఉన్నవన్నీ మంచివే. వరసే తలకిందులుగా ఉంది. నా ఈ వ్యాసం సారాంశం ఆ ఒక్క ముక్కే.

ఎందుకో చెప్పాలంటే ఇంటర్మీడియెట్ ఫిజిక్సు కొంచెం గుర్తు చేసుకోవాలి. కంగారుపడకండి, లెక్కలు వెయ్యను. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఇంచుమించు ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది. అంటే పది మీటర్ల లోతున మనం పీల్చే గాలి ఒడ్డున పీల్చే గాలికి రెట్టింపు ఒత్తిడితో ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అందులో నూటికి డెబ్భై ఎనిమిది వంతులు నత్రజని. ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ నత్రజని మన రక్తంలో, కొవ్వులో, కీళ్ళలో ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లమెల్లగా, గంటల తరబడి, ఊపిరి ద్వారా బయటికి పోవాలి. అదింకా పోకముందే మనం గాలి ఒత్తిడి తక్కువగా ఉన్న చోటికి ఎక్కామనుకోండి, ఏమవుతుంది? గోలీసోడా కొట్టించి చూడండి! అంతదాకా నీళ్ళలో కనపడకుండా దాక్కున్న గ్యాసు ఒక్కసారి బుసబుస పొంగుతుంది. ఒంట్లో అలాంటి బుడగలు కడితే వచ్చే జబ్బునే డైవర్లు బెండ్స్ అంటారు. కీళ్ళ నొప్పులతో పోవచ్చు, కాలుచేతులు చచ్చుబడే దాకానూ రావచ్చు.

డైవింగ్ చేసిన తరువాత వెంటనే విమానం ఎక్కకూడదనే సంగతి చాలామందికి తెలుసు. కొండ ఎక్కటం కూడా విమానం ఎక్కటం లాంటిదేనని మాత్రం తట్టదు. డైవర్ల క్షేమం చూసే డాన్ అనే అంతర్జాతీయ సంస్థ చెప్పే సూత్రం ఇది: ఒక్కసారి మునిగినవాడు కనీసం 12 గంటలు, పదేపదే గాని, వరసగా కొన్ని రోజులు గాని మునిగినవాడు కనీసం 18 గంటలు విమానం ఎక్కకుండా ఆగాలి. రెండువేల అడుగులు, అంటే సుమారు ఆరువందల మీటర్లు దాటిన ఎత్తుకు రోడ్డు మీద పోయినా అదే లెక్క. ఎందుకొచ్చిన గొడవ, పూర్తిగా ఒక రోజు ఆగండి అనే గురువులే ఎక్కువ. ఇప్పుడు మన కార్యక్రమం చూడండి. బొర్రా గుహలు సముద్రమట్టానికి దాదాపు ఏడువందల మీటర్ల ఎత్తున ఉన్నాయి. అరకు తొమ్మిదివందలు దాటింది. తొమ్మిదింటికి సముద్రంలో మునిగినవాణ్ణి నాలుగింటికి బొర్రాలో నిలబెడుతున్నాం! మొదటిసారి మునిగేవాళ్ళను పన్నెండు మీటర్లు దాటి తీసుకుపోరు, కాసేపే ఉంచుతారు, ప్రమాదం స్వల్పమే అంటారా? ఒప్పుకుంటాను. కాని కాయితం మీద రెండు గీతలు తిప్పి రాస్తే పోయే ప్రమాదాన్ని ఎనభై మంది పిల్లల మీద ఎందుకు పెట్టాలి?

కాబట్టి నా మనవి: మొదట కొండ, తరువాత కడలి. విశాఖలో దిగిన ఉదయమే కిరండూల్ రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు పోదాం. ఆ రాత్రి నెగడు, పాటలు అక్కడే. మర్నాడు బొర్రా చూసుకుని కిందికి దిగుదాం. మూడో రోజు పొద్దున్నే, గాలి లేవకముందే, సముద్రం. మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం కురుసుర జలాంతర్గామి. నాలుగో రోజు రుషికొండ పక్కనే ఉన్న బావికొండ, తొట్లకొండ, ఆపైన భీమిలి. తొట్లకొండ ఎత్తు నూటముప్పై మీటర్ల లోపే, దానికి భయంలేదు. రాత్రికి తిరుగు రైలు. ఆ రైలు ఏ కొండా ఎక్కదు. రెండు రోజుల బస ఖర్చు పెరుగుతుందనే మాట నిజమే. నెగడు దగ్గరకి మాట్లాడిన మైకుసెట్టు మానేస్తే కొంత కలిసివస్తుంది. మన గొంతులకు మైకు దేనికి?

నెల సంగతి కూడా చెప్పాలి. వేసవి సెలవుల్లోనే పోదామని కొందరు పట్టుబడుతున్నారు. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం దాటాక, సంక్రాంతి నుంచి ఫిబ్రవరి లోపల పోవటం మేలు. బంగాళాఖాతం అలల సముద్రం, నదులు తెచ్చే ఒండ్రు కలిసే సముద్రం. సినిమాల్లో చూసినట్టు అడుగున గవ్వ కనపడేంత తేటగా రోజూ ఉండదు. ఉంటుందనుకుని పోయినవాడికి ఆశాభంగం తప్పదు. పైగా ఒడ్డు నుంచి నడిచి దిగే డైవింగ్‌లో మొదటి పరీక్ష లోతు కాదు, అలలు విరిగే ఆ పది గజాలే. వీపున సిలిండరు, కాళ్ళకు బాతు పాదాల్లాంటి ఫిన్సు. అలాగే వెనక్కి వెనక్కి నడుస్తూ దిగాలి. సముద్రం ఆ రోజు వద్దంటే వద్దనే అర్థం. "ఇంత దూరం వచ్చాం గదా" అనే మాట అక్కడ పనికిరాదు.

ఈ నీతులు చెప్పే నేను మాత్రం బుద్ధిమంతుణ్ణేం కాదు. రెండేళ్ళ కిందట నేనూ ఒకసారి దిగాను. జలుబు ఉందా అని ఫారంలో అడిగితే, ఉన్న జలుబును లేదని రాశాను. కట్టిన డబ్బు పోతుందని భయం. మూడు మీటర్లు దిగేసరికి చెవిలో సూది గుచ్చినట్టయింది. ముక్కు మూసి గాలి నెట్టమన్నారు, నెట్టాను, జలుబుకి దారి మూసుకుపోయి ఉంది. ఇన్‌స్ట్రక్టరు నా కళ్ళలోకి చూసి, బొటనవేలు పైకెత్తి చూపి, మెల్లగా ఒడ్డుకు తెచ్చాడు. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది! వారం రోజులు ఆ చెవి వినపడలేదు. అబద్ధం వినటానికి మనుషులున్నారు గాని, నీళ్ళు మాత్రం వినవని అప్పుడు తెలిసింది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మనలో ఈత వచ్చినవాళ్ళెందరు? మా హాస్టలు వరండాలో అడిగి చూశాను. చేతులెత్తినవాళ్ళను లెక్కపెట్టటానికి ఒక చెయ్యి చాలింది. పల్నాటి వాళ్ళం, సాగర్ కాలువల గట్టున పెరిగినవాళ్ళం, మనకు ఈత రాదు! మా తాతల నాడు నడుముకు ఎండు సొరబుర్ర కట్టి బావిలోకి తోసేవారట. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు, మెట్ట పొలాలు మాగాణులయ్యాయి. బావులు పాడుపడ్డాయి, ఈత నేర్పేవాళ్ళూ పోయారు. కాలువ బావి లాంటిది కాదు. దాని గట్టు సిమెంటు, సిమెంటు మీద పాచి, కింద వడి.

ఇంటర్ సెలవుల్లో, తాగునీటికని కాలువ వదిలిన వారం, నా పక్క బెంచీవాడు ఎండకు తాళలేక దిగాడు. గట్టు మీద నలుగురం ఉన్నాం. నలుగురిలో ఒక్కడికీ ఈత రాదు. ఒకడు తువ్వాలు విసిరాడు, అందలేదు. ఇంతకంటే రాయలేను. ఆనాటి నుంచి మా అమ్మ, "నీళ్ళ కాడికి పోమాకురా నాయనా" అంటూనే ఉంది. ఆమె భయం న్యాయమైనదే. కాని ఊళ్ళో ప్రతి తల్లీ ఆ మాటే అంటే రేపు పడిపోయే పిల్లవాడికి చెయ్యి అందించేవాడు ఎవడు?

"ఈత రాకపోయినా ఫరవాలేదు, మేం పట్టుకుంటాం" అని డైవింగ్ చేయించేవాళ్ళు అంటారు. నిజమే, పట్టుకుంటారు. ఆ అరగంటా పట్టుకుంటారు. మిగిలిన ఏడాది ఎవరు పట్టుకుంటారు? అదే సాయంత్రం మనవాళ్ళు ఫొటోల కోసం అలల్లోకి పరుగెత్తినప్పుడు ఎవరు పట్టుకుంటారు? విశాఖ తీరాన విహారయాత్రకు వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్న విద్యార్థుల వార్తలు మనం చదవనివి కావు. కాబట్టి యాత్రకు పేరిచ్చినవాళ్ళకు ముందు నెలరోజులు పట్నంలోని ఈతకొలనులో శిక్షణ ఏర్పాటు చెయ్యమని సంఘాన్ని కోరుతున్నాను. సముద్రంలో మునగలేకపోయినవాడికి కూడా ఆ ఈత మిగులుతుంది. విహారయాత్ర నుంచి ఇంటికి తెచ్చుకోవలసిన వస్తువు ఏదైనా ఉంటే అదే.

"ఆడపిల్లలు ఒడ్డున కూర్చుని చూస్తార్లే" అని కమిటీలో ఒక పెద్దమనిషి అన్నాడట. ఎందుకు చూడాలి? కాలువకు బట్టలుతకను పోయేది వాళ్ళే, బిందెలతో నీళ్ళకు పోయేది వాళ్ళే. ఈత నేర్పటానికి మాత్రం వాళ్ళు పనికిరారా? శిక్షణ అందరికీ ఉండాలి. ఆపైన మునుగుతారో మానతారో ఎవరి ఇష్టం వారిది. ఆస్తమా, గుండెజబ్బు, చెవిపోటు ఉన్నవాళ్ళను డాక్టరు ఒద్దంటే వాళ్ళను ఎగతాళి చెయ్యకపోవటం మన మర్యాద.

"మరి మునగనివాళ్ళ గతి ఏమిటి? ఒడ్డున ఇసుక లెక్కపెట్టాలా?" అని అడగవచ్చు. అక్కడే మన యాత్రలు పేదవైపోతున్నాయి. చూసే చోట్లను మునగటానికి నడుమ కాలక్షేపంగా పెట్టుకుంటున్నాం. నిజానికి నీళ్ళ అడుగున ఏముంటుందో పల్నాటివాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక్ష్వాకుల విజయపురి సాగర్ అడుగునే ఉంది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వాన ఆ లోయను తవ్వి, దొరికినంత దక్కించి, కొన్ని కట్టడాలను కొండ మీద, కొన్నిటి నమూనాలను అనుపులో మళ్ళీ నిలబెట్టారు. మిగిలింది నీటి పాలయింది. మా మండలంలోని గోలి శిల్పాలు చూడాలంటే మేం చెన్నై మ్యూజియందాకా పోవాలి. తొట్లకొండ మీద రాతిలో తొలిచిన తొట్లు, బావికొండ మీద వాననీటి గుంటలు చూసినప్పుడు, నీళ్ళు దాచుకోవటం తెలిసిన ఆ భిక్షువుల బంధువులే మన లోయలోనూ ఉన్నారని తోస్తుంది. లాంచీలో నాగార్జునకొండకు పోయి, వస్తూ ఎత్తిపోతల చూసిరావటం ఒక్క రోజు పని. విశాఖకు పోయే ముందు ఆ ఒక్క రోజు కేటాయిస్తే, సముద్రంలో మునగనివాడు కూడా నీటి అడుగు సంగతి కొంత తెలుసుకునే వస్తాడు.

ఈ సంచిక పూర్వ విద్యార్థుల చేతుల్లోకీ వెళుతుంది. ఉద్యోగాలొచ్చి అండమాన్ పోయే ఆలోచనలో ఉన్న అన్నలకు, అక్కలకు కూడా ఈ మాటే. స్వరాజ్ ద్వీపం, షహీద్ ద్వీపం అని 2018లో పేర్లు మారిన హేవ్‌లాక్, నీల్ దీవుల్లో ఒడ్డు నుంచి నడిచి దిగే డైవింగ్ ఉంది, నీళ్ళు తేట. కాని చివరి రోజు మునిగి మర్నాడు తెల్లవారుజామున విమానం ఎక్కే టిక్కెట్టు కొనకండి. ఆఖరి రోజు నేలకు ఇవ్వండి. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు గదుల ముందు ఒక పూట నిలబడండి. ఊళ్ళో మన భాష వినిపిస్తుంది, మనవాళ్ళు అక్కడ చాలామంది. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. మన విజయపురి నీళ్ళ కింద ఉంటే ఈ విజయపురం నీళ్ళ మధ్య ఉంది!

సంఘం పెద్దలకు, మాస్టార్లకు నా మనవి మూడు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. వరస మార్చండి. నెల ముందు ఈత నేర్పించండి. ఫారంలో నిజం రాయమని పిల్లలకు గట్టిగా చెప్పండి, నిజం రాసి మునగలేకపోయినవాడి డబ్బు తిరిగి ఇప్పించండి. ఇవి మూడూ జరిగితే ఈసారి యాత్రలో నేనూ పేరిస్తాను. జలుబు లేకుండా వస్తాను. మే నెలలో ఇంటికి పోయినప్పుడు, కాలువ గట్టున నిలబడ్డ ఏ పిల్లవాణ్ణి చూసినా, "పోమాకురా" అనకుండా, "రా, నేను నేర్పుతాను" అనగలగాలని నా కోరిక.