ఆరోగ్య విషయములు: వెన్నుసూదియా, పూర్తిమత్తా?



కోహెడ వంటి గ్రామములనుండి కాన్పునకై హైదరాబాదునకు బోవు స్త్రీలకు సిజేరియను అనగానే కత్తికంటె వెన్నుసూదియే యెక్కువ భయము గొల్పుచున్నది. "ఆ సూది వేసిన జన్మమంతయు నడుమునొప్పి వదలదు, తెలివిలేకుండ జేసి కోయుడు" అని పెద్దలు వైద్యులను వేడుచుందురు. ఇది పొరపాటు. పొడిచినచోట కొన్నాళ్లు నొప్పి యుండవచ్చును గాని, చిరకాలపు నొప్పికి సూదియే కారణమని పరిశోధనలలో తేలలేదు. కాన్పు పిమ్మట నడుము నొచ్చుట సూది యెరుగని తల్లులకును గలదు.

వెన్నుసూదిచే నడుము క్రిందిభాగమే మొద్దుబారును. తల్లి మెలకువతో బిడ్డ తొలియేడ్పు వినగలదు. రక్తపుపోటు పడిపోవుట, కొందరికి తరువాత తలనొప్పి వచ్చుట దీని లోపములు. పూర్తిమత్తులో గర్భిణి కడుపులోని యాహారము పైకెగసి యూపిరితిత్తులలో బడు ప్రమాదము కలదు. కావున సాధారణముగా వెన్నుసూదినే యెన్నుకొందురు. రక్తము మిక్కుటముగా బోవుచున్నను, అది గడ్డకట్టు గుణము తగ్గినను, క్షణము జాగుచేయరాని యాపదయైనను పూర్తిమత్తే శరణ్యము.

దానికి జంకువారును కలరు. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున డాక్టరు లారీ క్లోరోఫారమును పరీక్షింపించి, అది గుండెకు నేరుగా కీడు చేయదని వాదించెను. ఆ వాదము నిలువలేదు. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలని పేర్గాంచిన రూపాబాయి ఫర్దూన్‌జీయు ఆ నగరముననే క్లోరోఫారము నిచ్చుచుండెడిది. నేటి పూర్తిమత్తు ఆ మందు కాదు.

మత్తువైద్యులు వచ్చినపుడు అత్తగారో భర్తయో గాక మీరే మాటలాడుడు. రక్తమును పలుచబరచు మాత్రలు మ్రింగుచున్న దాచకుడు. ఎవరో బలవంతపెట్టి త్రాగించిన గుక్కెడు పాలను సైతము చెప్పుడు. వైద్యులు పాలను మంచినీళ్లవలె నెంచరు, అన్నముతో సమానముగా నెంచుదురు.