కనిపించే అక్షరం, దొరకని మాట

అచ్చు సంచికతో పాటు పీడీఎఫ్‌నూ పంచడం తెలుగు పత్రికలకు ఇప్పుడు మామూలైపోయింది. ఎవరు ఏ ఊళ్లో, ఏ ఫోనులో తెరిచినా పేజీ ఒకేలా కనిపించాలన్నది 1993లో అడోబీ తెచ్చిన ఈ పద్ధతి ఉద్దేశం. 2008లో ఇది అంతర్జాతీయ ప్రమాణమూ అయింది. అయినా మన పేజీల్లో వత్తులు జారుతూనే ఉన్నాయి, పేరాలకు పేరాలు డబ్బాలవుతూనే ఉన్నాయి. ఈ నింద తెలుగు లిపి మీద వేయడం అన్యాయం. ఫైలు తయారీలోనే అశ్రద్ధ ఉంది.

పీడీఎఫ్‌లో ఫాంటును పొదగకపోతే, చదివేవారి కంప్యూటర్ తన దగ్గరున్న మరో ఫాంటును తెచ్చిపెడుతుంది. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు రూపాలు రోమన్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి కాబట్టి, అప్పుడు కథంతా అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గుట్టవుతుంది. అక్రోబాట్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిస్తే ఫాంట్ల జాబితా కనిపిస్తుంది. ప్రతి పేరు పక్కనా ‘ఎంబెడెడ్’ అని ఉందో లేదో చూడాలి. వర్డ్‌లో పీడీఎఫ్‌-ఏ పద్ధతిని ఎంచుకుంటే మేలు. ఫాంట్లన్నీ పొదిగి తీరాలన్నది దాని నియమం.

వత్తుల సంగతి వేరు. యూనికోడ్ పాఠాన్ని ఇన్‌డిజైన్‌లో పోసి వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోకపోతే ‘స్త్రీ’ పొల్లులతో ముక్కలవుతుంది. పీడీఎఫ్ ఆ ముక్కలనే పదిలంగా దాచిపెడుతుంది. దిద్దుబాటు మూల ఫైలులోనే జరగాలి.

అసలు నష్టం మాత్రం కంటికి కనిపించదు. పేజీ ముచ్చటగా ఉంటుంది, కవి పేరు వెతికితే దొరకదు. పాత ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లో కంటికి ‘అమ్మ’ కనబడినా, కంప్యూటర్‌కు తెలిసేది ఏవో రోమన్ గుర్తులే. ప్రెస్సు కోసం అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా, మార్చిన ఫైలులో అసలు పాఠమే ఉండదు. అది పరిశోధకుడి వెతుకులాటకు అందదు, చూపులేని పాఠకుడి స్క్రీన్ రీడర్‌కూ అందదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మండలి, రామభద్ర, సూరన్న వంటి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. ఇంకా పాత ఫాంట్లనే పట్టుకుని వేలాడడానికి అలవాటు తప్ప వేరే కారణం కనిపించదు.

రచయితలకు మా మనవి: రచనను యూనికోడ్‌లో పంపండి, పీడీఎఫ్ ఒక్కటే పంపి ఊరుకోకండి. తోటి సంపాదకులకు ఒక మాట: సంచికను విడుదల చేసే ముందు అందులోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. వత్తులతో సహా అదే తెలుగు వస్తే సరే. రాకపోతే ప్రెస్సుకు పంపిన ఫైలును ప్రెస్సుకే వదిలేసి, పాఠకులకూ భద్రపరచడానికీ యూనికోడ్‌తో మరొకటి చేయించండి. వెతికితే దొరకని సంచిక రేపటి పాఠకుడికి లేనట్టే.