పాత మంచం, కొత్త మోజు

‘యాంటిక్ దివాన్’ కోసం దుకాణాల వెంట తిరుగుతున్న బ్లాగ్మిత్రులారా, మీతో నాకు పేచీ ఉంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం మంచంలాంటి వస్తువు పురావస్తువు కావాలంటే నూరేళ్ళు నిండాలి. ఇత్తడి పువ్వులు తాపడం చేసినంత మాత్రాన నిన్నటి చెక్కకు వయసు రాదు.

పగటిపూట నడుము వాల్చడానికి మా మల్దకల్ వైపు అరుగు మీదికి వచ్చేది నులకమంచమే. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఇలాంటి మంచాన్నే వర్ణిస్తూ, నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, నడుమ అల్లిక ఉంటే మెత్తదనానికి మరేమీ అక్కరలేదన్నాడు. దాన్ని మనవాళ్ళు పొయ్యిలో పెడుతున్నారు. 2017లో సిడ్నీలో ఒకాయన దానికే 990 డాలర్ల వెల కడితే మాత్రం నోరెళ్ళబెట్టారు!

పాతది కొనవద్దనను. మెరుపు చూసి కొనకండి. తిరగేసి చూడండి: కూసు బెజ్జంలో బిగువుగా కూర్చుందా, మేకులు దిగ్గొట్టి నిలబెట్టారా? కోళ్ళ అడుగున చెద పట్టిందా? నులక తెగితే బెంగ లేదు, మళ్ళీ అల్లించుకోవచ్చు. అల్లే మనిషి దొరకడమే కష్టం. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపైనా ఉంది, మంచం అల్లే చేతికి కూలి కూడా గిట్టడం లేదు. ఆ చేతిని మరచి మంచాన్ని మాత్రం ముద్దుచేయడం ఏం రసికత?

మా వైపు అటకల మీద కోళ్ళూ పట్టెలూ ఇంకా ఉన్నాయి. ముందు అక్కడ అడగండి.