బండి ఎద్దుకు నాలుగో కాలు

పిల్లలూ, కిందటి నెలలో ఒక ఆదివారం సాయంత్రం మా పొరుగింటి అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని మా వరండాలోకి వచ్చింది. ఆమె అయిదో తరగతి చదువుతున్నది. చేతిలో ఒక తడిగుడ్డ మూట ఉన్నది. విప్పి చూస్తే అందులో చిన్న ఎడ్లబండి బొమ్మ. ఒక ఎద్దుకు మూడే కాళ్ళు. రెండో ఎద్దు తల ఊడి పక్కన పడి ఉన్నది.

“తాతగారూ! తమ్ముడి పుట్టినరోజుకు ఇద్దామని పాతసామాన్ల అంగట్లో 40 రూపాయలకు కొన్నాను. అప్పుడు ఒక్క కాలే లేదు. మురికి పోతుందని బకెట్టు నీళ్ళలో నానబెట్టాను. తీసేసరికి తల కూడా ఊడింది!” అన్నది.

“ఏడవకమ్మా, ఊడిన తల అతుక్కుంటుంది. నీ పొరపాటు ఒక్కటే. బొమ్మ దేనితో తయారయిందో తెలుసుకోకుండా కడిగావు,” అన్నాను.

అది కొండపల్లి బొమ్మ. విజయవాడ దగ్గర ఉన్న కొండపల్లిలో ఈ బొమ్మలను తెల్ల పొణికి అనే తేలిక కర్రతో చేస్తారు. తల, కాళ్ళు, చేతులు వేరువేరుగా చెక్కి మక్కుతో అతుకుతారు. మక్కు అంటే చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఆ జిగురు ఆరితే గట్టిపడుతుంది, బాగా నానితే మళ్ళీ మెత్తబడుతుంది. తల ఊడిన రహస్యం అదే! కనుక కర్రబొమ్మకు దుమ్ము పడితే మెత్తని కుంచెతో దులపాలి. ఎన్నడూ నీళ్ళలో ముంచకూడదు.

ముందు బొమ్మను మూడు రోజులు నీడలో ఆరబెట్టాము. ఎండలో పెడితే పైభాగం తొందరగా ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. అప్పుడు కర్ర బీటలు వారుతుంది.

ఈలోగా జిగురు పని మొదలుపెట్టాము. మీరూ చెయ్యవచ్చు. అయితే పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళదే.

గుప్పెడు చింతగింజలు వేయించి, రాత్రంతా నానబెట్టండి. గోధుమరంగు పొట్టు ఊడి తెల్లని పప్పు బయటపడుతుంది. దాన్ని ఎండబెట్టి, దంచి, పలుచని గుడ్డలో జల్లించండి. ఒక చెంచా పొడిని సుమారు ఎనిమిది చెంచాల చన్నీళ్ళలో కలిపి, సన్నని సెగమీద కలుపుతూ ఉడికించండి. వేడినీళ్ళలో పొడి వేస్తే ఉండ పైభాగం వెంటనే ఉడికి జిగురవుతుంది, లోపలి పొడికి నీరు అందదు. అందుకే ముందు చన్నీళ్ళు. గంజికంటె చిక్కబడగానే దించండి. నూలు బట్టల మిల్లులలో దారానికి గంజి పెట్టడానికి కూడా ఈ పొడిని వాడతారు. ఇది త్వరగా చెడిపోతుంది కనుక ఏ రోజుకు కావలసినది ఆ రోజే చేసుకోవాలి.

ఊడిన తలను జిగురుతో అతికి, దారంతో కట్టి, ఒక రోజు కదపకుండా ఉంచాము. పోయిన కాలును కొత్తగా చెయ్యాలి కదా? చీపురుపుల్ల ముక్క ఎముక అయింది, మక్కు కండ అయింది! జిగురులో మెత్తని రంపపు పొట్టు వేసి చపాతీ పిండిలా పిసికి, పుల్లచుట్టూ పలుచగా పెట్టాము. అది ఆరాక మరొక పొర, అది ఆరాక ఇంకొకటి. ఒకేసారి లావుగా పెడితే నీరు పోయేటప్పుడు ముద్ద కుంచించుకుని పగులుతుంది.

నాలుగో కాలు ఆరిన తరువాత దాన్ని గరుకు కాగితంతో రుద్ది, సుద్దపూత వేసి, నీటిరంగు అద్దింది ఆ అమ్మాయి. పాత రంగు జోలికి పోవద్దని చెప్పాను. ఇరుసుకు ఒక్క చుక్క ఆముదం వేశాము. చక్రాలు చప్పుడు లేకుండా తిరిగాయి. ఆమె ముఖం చూడాలి మీరు!

సరిగ్గా అప్పుడే వాళ్ళ తమ్ముడు తప్పటడుగులతో వచ్చి, బండి అందుకుని, ఎద్దుకొమ్ము నోట్లో పెట్టుకోబోయాడు. చటుక్కున లాక్కున్నాను. నా తప్పు అప్పుడు తెలిసివచ్చింది. తమ్ముడికి ఎన్నేళ్ళని ఇన్ని రోజులూ నేను అడగనే లేదు. వాడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు.

బొమ్మ నీళ్ళలో నానినా పాత రంగు కరగలేదు. అంటే అది నూనెరంగు అయి ఉంటుంది. పూర్వపు నూనెరంగులు చాలావాటిలో సీసం ఉండేది. సీసం కొంచెంకొంచెంగా ఒంట్లో చేరినా చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. ఇళ్ళకు వేసే రంగులలో పదిలక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండకూడదని మన దేశంలో 2016లో నియమం చేశారు. అది 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి బొమ్మ రంగును కంటితో చూసి మంచిదో చెడ్డదో చెప్పలేము. పైన కొత్త రంగు వేసినా కింది సీసం ఎక్కడికీ పోదు. గీకితే ఆ పొడి మరీ ప్రమాదం.

“ఇది తమ్ముడికి ఇవ్వకూడదమ్మా. ముందే చెప్పవలసింది, నేను చెప్పలేదు,” అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “అయితే ఇన్ని రోజుల పనీ దండగేనా, తాతగారూ?” అన్నది చివరికి.

“బొమ్మ బాగుపడింది కదా! దాని చోటు నేలమీద కాదు, బొమ్మల కొలువులో,” అన్నాను.

మర్నాడు వాళ్ళమ్మగారి పాత నూలుచీరె ముక్కలతో తమ్ముడికి గుడ్డబంతి కుట్టుకుని వచ్చి చూపించింది. పెద్దపెద్ద కుట్లు, కాని గట్టిగా ఉన్నాయి. వాడు దాన్ని కొరుక్కోవచ్చు కూడా!

తల్లిదండ్రులకు ఒక మాట. పాత బొమ్మ కొనడం పొదుపే, బాగుచెయ్యడం మంచి చదువే. కాని రంగు పెచ్చులూడుతున్న బొమ్మను పసివాళ్ళకు ఇవ్వకండి. అటువంటి దాన్ని పట్టుకున్న తరువాత పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించండి.

పిల్లలూ, మీ ఇంటి అటకమీద ఏ కుంటి ఎద్దు ఉన్నదో చూడండి. బాగుచెయ్యబోయే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది దేనితో తయారయింది? దీనితో ఎవరు ఆడుకుంటారు? రెండో ప్రశ్న మీ తాతగారిలా మరచిపోకండి!